ఇండక్షన్ ఫర్నేస్ ప్లాంటులో పొగ, డస్ట్, స్లాగ్, నీళ్లు: నెల్లూరు జిల్లా వాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

నేను పర్యావరణ ఇన్‌ఛార్జిగా చేరిన మొదటి ఏడాది, ఒక రోజు పొద్దున్నే ఒక నిమ్మతోట రైతు ప్లాంటు గేటు దగ్గరికి వచ్చారు. చేతిలో నాలుగు నిమ్మ కొమ్మలున్నాయి. భుజం మీది తెల్ల తువ్వాలు తీసి నా ఎదురుగానే ఆకుల్ని తుడిచారు. తువ్వాలు మీద గోధుమ రంగు చార పడింది. "చూడబ్బయా, కాయ మీద ఇది ఉంటే పొదలకూరులో నిమ్మ మార్కెట్‌లో కొనేదెవురు?" అన్నారు. నేను లోపలికి వెళ్లి లాగ్‌బుక్ తిరగేశాను. రాత్రి ఒంటి గంట నుంచి నాలుగు దాకా, పొగలోని డస్ట్‌ను గుడ్డ సంచులతో వడగట్టే బ్యాగ్ ఫిల్టర్ ఫ్యాన్ ఆగి ఉంది, ఫర్నేస్ మాత్రం నడుస్తూనే ఉంది. లక్షలు పోసి కొన్న యంత్రమే అది. దాన్ని రాత్రిపూట నడిపించే పద్ధతే మా దగ్గర లేదు.

ఆ రోజు నేర్చుకున్నదే ఈ మార్గదర్శికి ఆధారం. కాలుష్యం సగం స్క్రాప్ యార్డులో పుడుతుంది, మిగతా సగం సి షిఫ్టులో, అంటే రాత్రి షిఫ్టులో, తప్పించుకుంటుంది. ఈ రెండు చోట్లా పట్టు దొరికితే మిగతా పనులు తేలికవుతాయి.

ఇక్కడ చెప్పేది కరెంటుతో నడిచే ఇండక్షన్ ఫర్నేస్‌లో స్క్రాపు, స్పాంజ్ ఐరన్ (ఖనిజాన్ని కరిగించకుండా తీసిన ఇనుము) కరిగించి బిల్లెట్లు (పొడవాటి ఉక్కు దిమ్మెలు) పోసి, టీఎంటీ కమ్మీలు తీసే చిన్న, మధ్యతరహా ప్లాంట్ల గురించి. బ్లాస్ట్ ఫర్నేస్, కోక్ ఓవెన్ ఉన్న పెద్ద కర్మాగారాల సంగతి వేరు, వాటి జోలికి వెళ్లను.

మొదటి అడుగు: ఒక వారం కాటా లెక్క

ఏ యంత్రమూ కొనకముందు ఒక వారం పాటు లోపలికి వచ్చిందీ బయటికి వెళ్లిందీ తూకం వేయండి. స్క్రాపు, స్పాంజ్ ఐరన్, ఫెర్రో అల్లాయ్‌లు, రామింగ్ మాస్ (ఫర్నేస్ లోపలి గోడకి వేసే పొడి), బొగ్గు, నీళ్లు, నూనెలు ఒక వైపు రాయండి. బిల్లెట్లు, కమ్మీలు, ఎండ్ కటింగ్‌లు, స్లాగ్ (కరిగిన లోహం మీద తేలే మడ్డి), మిల్ స్కేల్ (వేడి ఉక్కు మీంచి రాలే పొలుసు), బ్యాగ్ ఫిల్టర్ డస్ట్ ఇంకో వైపు రాయండి. రెండూ సరిగ్గా కలవవు. స్క్రాపులోని మట్టి, తేమ, తుప్పు కొంత తేడా తెస్తాయి. కానీ బ్యాగ్ ఫిల్టర్ కింద దొరికిన డస్ట్ ఒక్కో హీట్‌కి (ఫర్నేస్‌లో ఒకసారి కరిగించే సరుకుకి) ఎన్ని కిలోలో చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. పగలు హీట్‌కి ఇంత డస్ట్ దొరికి, రాత్రి హీట్‌కి అందులో సగమే దొరికిందంటే, మిగతా సగం ఊరి మీద పడినట్టే. ఖరీదైన మీటరు అవసరం లేదు, షిఫ్టు షిఫ్టుకీ సంచులు విడిగా కట్టి తూకం వేస్తే చాలు. నేను చూసినంతలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత నిజం చెప్పే పరీక్ష ఇంకోటి లేదు.

రెండో అడుగు: స్క్రాప్ యార్డు

ఫర్నేస్‌లోకి ఏం వేస్తామో పొగలో అదే వస్తుంది. పెయింటు, నూనె, ప్లాస్టిక్, రబ్బరు అంటుకున్న స్క్రాపు నల్లపొగ ఇస్తుంది. గాల్వనైజ్డ్ రేకు తెల్లపొగ ఇస్తుంది. జింకు 907 డిగ్రీల దగ్గరే మరిగి ఆవిరైపోతుంది, ఇనుము కరగాలంటే 1538 డిగ్రీలు కావాలి. అంటే ఇనుము కరిగే లోపే రేకు మీది జింకు గాలిలో కలిసిపోతుంది. ఆ పొగ పీల్చిన కుర్రాళ్లకు సాయంత్రానికి చలి, జ్వరం, నోట్లో తియ్యటి రుచి వస్తాయి. మలేరియా అనుకుని మందులు మింగినవాళ్లని నేను చూశాను. మర్నాటికి తగ్గిపోతుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. మీ ప్లాంటులో ఇలాంటి జ్వరాలు వస్తుంటే ముందు చూడాల్సింది స్క్రాప్ యార్డు.

లారీ దిగగానే స్క్రాపును నాలుగు కుప్పలుగా వేరు చేయించండి: బరువైన శుభ్రమైన స్క్రాపు, పలుచని రేకులు, గాల్వనైజ్డ్ సరుకు, నూనె లేదా పెయింటు ఉన్నది. గాల్వనైజ్డ్ సరుకును ఒకే హీట్‌లో కుమ్మరించకుండా, ప్రతి హీట్‌లో కొద్ది కొద్దిగా, ఫర్నేస్ మూతి దగ్గర పొగను లాగే హుడ్ సరిగ్గా మూసి ఉన్నప్పుడే వేయాలి. మన తీర ప్రాంతం నుంచి వచ్చే సరుకుకి ఇంకో గుణం ఉంది. రొయ్యల చెరువుల ఏరేటర్ ఫ్రేములు, ఉప్పుగాలికి తిన్న రేకులు తుప్పు బాగా పట్టి ఉంటాయి. ఆ తుప్పు చాలావరకు స్లాగ్‌లోకే పోతుంది. చౌకగా వచ్చిందని కొన్నది స్లాగ్ గుట్టగా తిరిగి కనిపిస్తుంది. పర్చేజ్ వాళ్లకు ఈ లెక్క చూపించండి, వాళ్లకు అర్థమయ్యేది టన్నుల భాషే.

మూసి ఉన్న సిలిండర్లు, షాక్ అబ్జార్బర్లు, మూత బిగించిన డ్రమ్ములు ఫర్నేస్ దాకా వెళ్లకూడదు. వానాకాలంలో తడి స్క్రాపు కూడా అంతే ప్రమాదం. ద్రవ లోహంలో నీళ్లు పడితే క్షణంలో ఆవిరై పేలుతుంది. కనీసం రెండు రోజులకు సరిపడా స్క్రాపు షెడ్డు కింద ఉండాలి. స్పాంజ్ ఐరన్ తడిస్తే వేడెక్కుతుంది, హైడ్రోజన్ కూడా విడుదలవుతుంది. దాన్ని పట్ట కప్పి బయట వదలడం మంచిది కాదు.

గేటు దగ్గర రేడియేషన్ మీటరు పెట్టుకోండి. 2010లో ఢిల్లీ మాయాపురి స్క్రాప్ మార్కెట్‌లోకి కోబాల్ట్-60 ఉన్న పాత యంత్రం చేరి ఒక కార్మికుడు చనిపోయాడు, మరికొందరు తీవ్రంగా జబ్బుపడ్డారు. అలాంటి ముక్క కరిగితే మొత్తం హీట్, స్లాగ్, డస్ట్ అన్నీ కలుషితమవుతాయి. చేతిలో పట్టుకునే మీటరైనా సరే, ప్రతి లారీ చుట్టూ తిప్పాలి.

మూడో అడుగు: పొగను ఫర్నేస్ మూతి దగ్గరే పట్టడం

ఇక్కడ కాసేపు ఆగాలి. చాలా ప్లాంట్లు ఓడిపోయేది ఇక్కడే.

చిమ్నీలోంచి వచ్చే పొగ కొలిస్తే అంకె చక్కగా ఉంటుంది. షెడ్డు కప్పు మీది వెంటిలేటర్‌లోంచి మాత్రం గోధుమ రంగు పొగ లేస్తూ ఉంటుంది. కారణం, హుడ్ పొగను పట్టుకోలేదు. పట్టనిది ఫిల్టర్ దాకా రాదు, చిమ్నీ కొలతలో కనిపించదు. కాలుష్య నియంత్రణ బోర్డు వాళ్ల కొలతలో పాసయ్యామని సంతోషిస్తాం, నిమ్మతోట మీద మాత్రం డస్ట్ పడుతూనే ఉంటుంది.

హుడ్ ఎందుకు పట్టుకోదు? చార్జింగ్ చేసేటప్పుడు, అంటే ఫర్నేస్‌లోకి స్క్రాపు వేసేటప్పుడు, మాగ్నెట్ క్రేన్‌కి హుడ్ అడ్డం వస్తుంది, ఆపరేటర్ దాన్ని పక్కకి తిప్పేస్తాడు. మళ్లీ తెచ్చి పెట్టడు, ఎందుకంటే అయిదు నిమిషాల్లో మళ్లీ చార్జింగ్ ఉంటుంది. ఆపరేటర్‌ని తిట్టి లాభం లేదు. హుడ్‌ను తిప్పడం తేలికయ్యేలా చేయాలి: హైడ్రాలిక్‌తో కదిలే హుడ్, లేదా క్రూసిబుల్ (లోహం కరిగే కుండ) పక్కనే ఉండి చార్జింగ్‌కి అడ్డం రాని సైడ్ సక్షన్ హుడ్. నా ఓటు సైడ్ సక్షన్‌కే. పై హుడ్ పట్టినంత బాగా ఇది పట్టదు గానీ చార్జింగ్ జరిగే ఆ నిమిషాల్లో కూడా పనిచేస్తుంది, ఎక్కువ పొగ వచ్చేది అప్పుడే.

ఇంకో చిన్న పని పెద్ద ఫలితం ఇస్తుంది. రెండు క్రూసిబుళ్లకు ఒకే ఫ్యాన్ ఉన్న చోట, పని చేయని క్రూసిబుల్ వైపు డ్యాంపర్ (గాలి దారి మూసే రేకు) తెరిచే ఉంటుంది. సగం సక్షన్ ఖాళీ గాలిని లాగుతూ ఉంటుంది. ఆ డ్యాంపర్ మూయండి. మేం మూసిన రోజే తేడా కంటికి కనిపించింది.

డక్టులో (పొగను ఫిల్టర్‌కి తీసుకెళ్లే గొట్టంలో) గాలి వేగం సెకనుకు 18 నుంచి 20 మీటర్లు ఉండాలి. అంతకన్నా తగ్గితే అడ్డంగా ఉన్న డక్టుల్లో డస్ట్ పేరుకుంటుంది, దారి సన్నబడుతుంది, సక్షన్ ఇంకా తగ్గుతుంది. నెలకోసారి డక్టు మీద సుత్తితో తట్టి వినండి. ఖాళీ డక్టు మోగుతుంది, నిండిన డక్టు మూగగా ఉంటుంది.

ఇక బ్యాగ్ ఫిల్టర్. మామూలు పాలిస్టర్ బ్యాగులు సుమారు 130 డిగ్రీల వరకే ఆగుతాయి. కాబట్టి ముందు నిప్పురవ్వలు పట్టే స్పార్క్ అరెస్టర్, తగినంత పొడవైన డక్టు ఉండాలి. ఒక్క రవ్వ లోపలికి వెళితే బ్యాగుల వరస మొత్తం కాలిపోవచ్చు. బ్యాగుల రెండు వైపులా పీడనం తేడా చూపే మానోమీటరు మీద మీ కన్ను రోజూ ఉండాలి. కొత్త బ్యాగులు వేసిన వారం ఎంత చూపిందో గోడ మీద రాయండి. సాధారణంగా 100 నుంచి 150 మిల్లీమీటర్ల నీటి మట్టం మధ్య నడుస్తుంది. అది ఒక్కసారిగా పడిపోతే బ్యాగ్ చిరిగింది. మెల్లగా పెరుగుతూ పోతే బ్యాగులు మూసుకుపోతున్నాయి. మన దగ్గర అక్టోబరు, నవంబరు నెలల్లో ఇది మరీ ఎక్కువ, కంప్రెస్డ్ ఎయిర్‌లోని తేమ బ్యాగు మీది డస్ట్‌ను బురదలా అతికిస్తుంది. ఆ రెండు నెలలూ ఎయిర్ రిసీవర్‌లో చేరిన నీళ్లు షిఫ్టుకి రెండు సార్లు వదిలేయించండి.

హాపర్ (ఫిల్టర్ అడుగున డస్ట్ చేరే గరాటు) కింద డస్ట్‌ను నేల మీద కుప్పగా పోయడం నేను చాలా చోట్ల చూశాను. అంత కష్టపడి పట్టింది మళ్లీ గాలికి ఇచ్చేయడమే అది. రోటరీ ఎయిర్‌లాక్ (గాలిని ఆపి డస్ట్‌ను దించే తిరిగే వాల్వు) కింద గుడ్డ స్లీవ్ కట్టి, దాన్ని జంబో బ్యాగ్ మూతికి బిగించాలి.

ఇప్పుడు సి షిఫ్టు సంగతి. ఫ్యాన్ ఎందుకు ఆపేస్తారు? కరెంటు మిగులుతుందని. లెక్క వేద్దాం. 75 హార్స్ పవర్ ఫ్యాన్ అంటే సుమారు 56 కిలోవాట్లు. ఎనిమిది గంటల షిఫ్టుకి 450 యూనిట్లు. 8 టన్నుల ఫర్నేస్‌లో టన్నుకి సుమారు 600 యూనిట్లు వేసుకున్నా ఒక్క హీట్‌కి 4,800 యూనిట్లు. అంటే ఫ్యాన్ షిఫ్టంతా తిరిగినా ఒక్క హీట్ కరెంటులో పదో వంతు దాటదు. షిఫ్టుకి నాలుగు హీట్‌లు తీస్తే అది రెండున్నర శాతం లోపే. ఈ లెక్కను ఓనరుకి కాగితం మీద రాసి ఇవ్వండి. తడి స్క్రాపు వేయడం వల్ల, హీట్ ఆలస్యం కావడం వల్ల పోయే కరెంటు దీనికన్నా ఎక్కువ. ఆ తర్వాత ఫ్యాన్‌ని ఫర్నేస్ ప్యానెల్‌తో ఇంటర్‌లాక్ చేయించండి, ఫ్యాన్ తిరగకపోతే ఫర్నేస్‌కి పవర్ రాకూడదు. ఫ్యాన్‌కి విడిగా ఎనర్జీ మీటరు పెట్టి ప్రతి షిఫ్టు రీడింగు రాయించండి. మనిషి మీద అనుమానపడే పని తప్పుతుంది.

చివరగా, షెడ్డు బయట ఒకే చోట నిలబడి ప్రతి షిఫ్టులో ఒక చార్జింగ్, ఒక ట్యాపింగ్ (కరిగిన లోహం బయటికి పోయడం) ఫోన్‌లో వీడియో తీయండి. నెల రోజుల వీడియోలు వరసగా చూస్తే ఏ క్రూ హుడ్ వాడుతుందో, ఏ క్రూ వాడదో చెప్పకుండానే తెలుస్తుంది.

నాలుగో అడుగు: లైనింగ్ కొట్టేవాళ్లు

దీన్ని చాలామంది కాలుష్యం కిందే లెక్కించరు. రామింగ్ మాస్ అంటే దంచిన పలుగురాయి. సైదాపురం వైపు పలుగురాయి క్వారీలు చూసిన వాళ్లకి ఆ తెల్లటి పొడి తెలుసు. పాత లైనింగ్ బద్దలు కొట్టేటప్పుడు లేచే సన్నటి సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, అది నయం కాదు. ఫర్నేస్‌లో నీళ్లు చల్లకూడదు కాబట్టి తడిపి కొట్టడం కుదరదు. అందుకే ఆ పని జరుగుతున్నంతసేపూ సైడ్ సక్షన్ నడవాలి, కొట్టేవాళ్లకి గుడ్డ ముక్క బదులు ముఖానికి సరిగ్గా అతికే ఎన్95 మాస్కు లేదా అంతకన్నా మంచిది ఇవ్వాలి. వాళ్లు ఎక్కువగా కాంట్రాక్టు మనుషులే, దూరం నుంచి వచ్చినవాళ్లే. ఏడాదికోసారి వాళ్లకీ ఛాతీ ఎక్స్‌రే తీయించండి. పే రోల్‌లో లేరని వదిలేయడం అన్యాయం.

అయిదో అడుగు: స్లాగ్

మన పెద్దలు చిట్టెం అనేది దీన్నే. వేడి స్లాగ్ మీద పైపుతో నీళ్లు కొట్టకండి, అడుగున ద్రవ లోహం ఉంటే పేలుతుంది. చల్లారనిచ్చి, పగలగొట్టి, మాగ్నెటిక్ సెపరేటర్ మీద పంపితే అందులో చిక్కుకున్న ఇనుము ముక్కలు తిరిగి ఫర్నేస్‌కి వస్తాయి. క్రషర్ దగ్గర నీటి తుంపర్లు పెట్టాలి.

మిగిలిన రాయి ఏం చేయాలి? 2022లో గుజరాత్‌లో సూరత్ దగ్గర హజీరాలో ప్రాసెస్ చేసిన స్టీల్ స్లాగ్‌తో ఆరు వరసల రోడ్డు వేశారు. కంకర, ఇసుకల ప్రమాణమైన ఐఎస్ 383, 2016 సవరణ నుంచి స్లాగ్‌ను కొన్ని పరిమితులతో ఒప్పుకుంటోంది, కానీ స్టీల్ స్లాగ్‌ను ఆర్‌సీసీలో కంకరగా ఒప్పుకోదు. కాబట్టి ఇంటి స్లాబుకి ఎవరైనా అడిగితే ఇవ్వకండి. పేవర్ ఇటుకలు, ప్లాంటు లోపలి రోడ్ల అడుగు పొర దీనికి సరైన చోట్లు. పెద్ద కర్మాగారాల స్లాగ్‌లో సున్నం ఎక్కువ, తడిస్తే ఉబ్బుతుంది. సిలికా లైనింగ్ ఇండక్షన్ ఫర్నేస్ స్లాగ్‌లో ఆ బెడద తక్కువ. అయినా పరీక్ష చేయించకుండా ఎక్కడా వేయకూడదు.

ఊళ్లో వాళ్లు గ్రావెల్ బదులు ఊరికే ఇవ్వమని ట్రాక్టర్లు తెస్తారు. మొహమాటపడకండి. చెరువు కట్ట పక్కన, పొలం గట్టు మీద, రొయ్యల గుంట కట్టలకి స్లాగ్ వెళ్లకూడదు. ఎవరికి, ఎన్ని టన్నులు, దేనికోసం అన్నది రాసి సంతకం తీసుకున్నాకే లారీ గేటు దాటాలి.

ఆరో అడుగు: రోలింగ్ మిల్లు, స్కేలు, నీళ్లు

మిల్లులో పెద్ద మార్పు ఒకటే. కాస్టింగ్ నుంచి వచ్చిన ఎర్రటి బిల్లెట్‌ను చల్లారనివ్వకుండా నేరుగా రోలింగ్‌కి పంపండి. చల్లారిన బిల్లెట్‌ను మళ్లీ వేడిచేసే రీహీటింగ్ ఫర్నేస్ అవసరం తగ్గితే బొగ్గు పొగ తగ్గుతుంది, స్కేలు తగ్గుతుంది, బొగ్గు నుంచి ఇంధన గ్యాసు తీసే ప్రొడ్యూసర్ గ్యాస్ ప్లాంటు ఉన్నచోట దాని తారు, ఫినాల్ వాసన నీళ్లు కూడా తగ్గుతాయి. ఆ నీళ్లు మహా చెడ్డవి. వాటిని వేరే ఏ నీళ్లతోనూ కలపకూడదు.

రీహీటింగ్‌లో బిల్లెట్ బరువులో ఒక శాతం నుంచి రెండు శాతం దాకా స్కేలుగా రాలుతుంది. రోజుకి 100 టన్నులు తీసే మిల్లులో ఒకటిన్నర శాతం వేసుకున్నా నెలకి 45 టన్నులు. ఇందులో ఇనుము 70 శాతానికి పైగా ఉంటుంది, కొనేవాళ్లు ఉంటారు. కాని నూనె కలిస్తే దాని విలువ పోతుంది, పైగా ప్రమాదకర వ్యర్థం అయిపోతుంది. అందుకని మిల్లు స్టాండ్ల బేరింగుల దగ్గర నూనె కారడం ముందు ఆపించండి. స్కేల్ పిట్‌లో (మిల్లు నీళ్లలోని స్కేలు దిగే గుంటలో) మొదటి గదిలో దిగే ముతక స్కేలు విడిగా, చివరి గదిలో దిగే నూనె బురద విడిగా తీయించండి. పైన తేలే నూనెను స్కిమ్మర్‌తో తీసి డ్రమ్ముల్లో పట్టండి.

నీళ్ల విషయంలో మన జిల్లాకి ఒక ప్రత్యేకత ఉంది. తీరం వైపు బోరు నీళ్లు ఉప్పు. కూలింగ్ టవర్‌లో తిరిగి తిరిగి ఆ ఉప్పు ఇంకా చిక్కబడుతుంది. అలా చిక్కబడ్డాక టవర్ నుంచి వదిలే నీళ్లనూ (బ్లోడౌన్), నీటి గట్టిదనం తీసే సాఫ్ట్‌నర్ కడిగిన ఉప్పునీళ్లనూ పక్క కాలువలోకి వదిలితే కింద మొలగొలుకుల వరి వేసిన మడి దెబ్బతింటుంది. కప్పు మీద పడే వాన నీళ్లను నిలవ చేసి కూలింగ్‌కి వాడితే ఉప్పు సమస్య తగ్గుతుంది. బ్లోడౌన్‌ను స్లాగ్ క్రషర్ దగ్గరా, సిమెంటు యార్డు మీదా చల్లడానికి వాడుకోవచ్చు. మొక్కలకి పోయకండి.

ఏడో అడుగు: సెప్టెంబరు నెలాఖరులోపు

మన ముఖ్యమైన వానలు ఈశాన్య రుతుపవనాలవి. 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు దగ్గర హైవే తెగిన వాన గుర్తుందిగా? ఆ వారం మా స్కేల్ పిట్ కూడా పొంగింది. యార్డు అంతా నూనె పొర తేలింది, దాన్ని గోనెసంచులతో, రంపపు పొట్టుతో ఆపడానికి రాత్రంతా పట్టింది. పిట్ మీద అప్పుడు కప్పు లేదు.

సెప్టెంబరులోనే చేయాల్సినవి ఇవి. స్లాగ్, బొగ్గు యార్డుల చుట్టూ కాలువ పూడిక తీయించండి. ఆ కాలువ సెటిల్లింగ్ గుంటలోకే వెళుతోందా, దొంగదారిన బయటికి పోతోందా అన్నది రెండు డ్రమ్ముల నీళ్లు పోసి చూడండి. స్కేల్ పిట్‌లో నీటి మట్టాన్ని అడుగున్నర దించి ఉంచండి. డస్ట్ జంబో బ్యాగులన్నీ ఎత్తు అరుగు మీద, కప్పు కింద ఉండాలి. డీజిల్ పంపు ఒకటి సిద్ధంగా ఉంచుకోండి, తుపాను రోజు కరెంటు ఉండదు.

ఎనిమిదో అడుగు: ప్రమాదకర వ్యర్థాలు, కాగితాలు

వాడిన నూనె, నూనె బురద, తారు, నూనె గుడ్డలు, ఇవన్నీ 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల కిందికి వస్తాయి. బ్యాగ్ ఫిల్టర్ డస్ట్‌లో జింకు, సీసం ఉండొచ్చు కాబట్టి ల్యాబ్ పరీక్ష చేయించి, దాన్ని బట్టి దారి చూడాలి. ఇటుకల బట్టీకి ఇచ్చేయడం లాంటివి వద్దు. ఈ వ్యర్థాలను సాధారణంగా 90 రోజులకు మించి నిలవ ఉంచకూడదు. రోజువారీ లెక్క ఫారం 3లో, పంపినప్పుడు మానిఫెస్ట్ (రవాణా పత్రం) ఫారం 10లో, ఏడాది రిటర్ను ఫారం 4లో జూన్ 30 లోపు, పర్యావరణ స్టేట్‌మెంట్ ఫారం 5 సెప్టెంబరు 30 లోపు ఇవ్వాలి. చిమ్నీ పరిమితి ఎంత, చుట్టుపక్కల గాలి ఎక్కడ కొలవాలి అన్నది మీ సీఎఫ్‌ఓలో (ప్లాంటు నడపడానికి బోర్డు ఇచ్చే అనుమతి పత్రంలో) రాసే ఉంటుంది. దాన్ని ఫైల్లో దాచకుండా తెలుగులో ఒక పేజీకి కుదించి కంట్రోల్ రూమ్‌లో అతికించండి. షిఫ్టు ఇన్‌ఛార్జికి తెలియని షరతు అమలు కాదు.

తొమ్మిదో అడుగు: గోడ అవతల

గోడ వెంబడి చెట్లు పెట్టేటప్పుడు సరుగుడు ఒక్కటే పెట్టి వదిలేయకండి. అది త్వరగా ఎదుగుతుంది గానీ కింద ఖాళీగా ఉంటుంది. వెడల్పాటి ఆకున్న కానుగ, వేప, నేరేడు మూడు వరసల్లో ఎత్తు తేడాతో ఉంటే డస్ట్ ఆగుతుంది. చలికాలంలో గాలి ఈశాన్యం నుంచి, ఎండాకాలం చివర పడమటి వైపు నుంచి వీస్తుంది కాబట్టి, ఏ ఊరికి ఏ నెలలో దుమ్ము వెళుతుందో మ్యాపు మీద గీసుకోండి. పారిశ్రామిక ప్రాంతంలో శబ్దం రాత్రిపూట 70 డెసిబెల్స్ దాటకూడదు. స్క్రాపు ఎత్తు నుంచి వదిలే పని రాత్రి పది తర్వాత ఆపేస్తే పక్క ఊరు నిద్రపోతుంది.

చుట్టుపక్కల అయిదారుగురు రైతులకి మీ సొంత ఫోన్ నంబరు ఇవ్వండి. ఫిర్యాదు రాగానే ఆ టైముకి లాగ్‌బుక్, ఫ్యాన్ మీటరు రీడింగు, వీడియో మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. తప్పు మనదైతే ఒప్పుకుని, ఏం సరిచేశామో వెళ్లి చెప్పండి. తువ్వాలుతో ఆకు తుడిచిన ఆ పెద్దాయన తోటకి నేను ఇప్పటికీ నెలకోసారి వెళుతుంటాను. వెళ్లగానే ఆయన ఒక కొమ్మ వంచి ఆకు తుడిచి చూపిస్తారు. కిందటి నెల తువ్వాలు తెల్లగానే ఉంది, ఈ నెల కొద్దిగా చార పడింది. వచ్చి చూస్తే రెండో కంపార్టుమెంటులో మూడు బ్యాగులు చిరిగి ఉన్నాయి. మార్పించాను.